గుమ్మడి నర్సయ్య ఎలక్షన్లు, మా ఇంట్లో గొడవలు

ఎలక్షన్లు దగ్గర పడ్డాయంటే చాలు, మా వాట్సాప్ గ్రూపుల్లో గుమ్మడి నర్సయ్య ఫొటో తిరగడం మొదలవుతుంది. సైకిల్ మీద పోతున్న ఫొటోనో, బస్సు కోసం నిలబడ్డ ఫొటోనో. కింద "ఐదుసార్లు ఎమ్మెల్యే, సొంత కారు కూడా లేదు, షేర్ చేయండి" అని రాసి ఉంటుంది. పంపేవాళ్ళలో సగం మంది ఆయన గెలిచిన ఇల్లందు, మా పాత ఖమ్మం జిల్లాలోది, ఎక్కడుందో కూడా చెప్పలేరు. అందులో తప్పేం లేదు, మంచి మాటే కదా. కానీ ఆ నియోజకవర్గంలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒక వెలితి. మ్యూజియంలో పెట్టిన వస్తువును చూపించినట్టు చూపిస్తారు ఆయన్ని. ఆయన ఎలక్షన్లలో నిలబడి, ఓట్లడిగి, గెలిచి, ఓడి, మళ్ళీ గెలిచి, మళ్ళీ ఓడిన రాజకీయ నాయకుడు. ఆయనకో పార్టీ ఉండేది, ఆ పార్టీకి శత్రువులు ఉండేవాళ్ళు, ఆ శత్రువుల్లో మా నాయన ఒకడు. ఇవేవీ ఆ ఫొటో కింద ఉండవు.

మా నాయన సింగరేణిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పని, అంటే బాయిలో బొగ్గు పారతో తట్టకెత్తి టబ్బుల్లో నింపడం. జేకే కాలనీలో ఉండేవాళ్ళం. కాలనీలో ఏ ఇంటి మీద ఏ జెండా అన్నది చిన్నపిల్లలకి కూడా తెలుసు, మా ఇంటిది ఏఐటీయూసీ, అంటే సీపీఐ వాళ్ళ కార్మిక సంఘం. నాయన తమ్ముడు, మా చిన్నాయన, బొగ్గుబాయిలోకి దిగనని మొండికేసి టేకులపల్లి వైపు ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటూ ఉండిపోయాడు. ఆయన రైతుకూలీ సంఘం మనిషి. అంటే నర్సయ్య పార్టీ. మొదట్లో దాన్ని అందరూ నక్సలైట్ నాయకుడు చంద్ర పుల్లారెడ్డి పేరు మీద చంద్ర పుల్లారెడ్డి గ్రూపనేవాళ్ళు, సీపీ గ్రూపని. ఆ తర్వాత న్యూడెమోక్రసీ అయింది. ఒక తల్లి పిల్లలు, ఇద్దరిదీ ఎర్రజెండానే, ఇద్దరి గోడ మీదా సుత్తీ కొడవలే, అయినా ఎలక్షన్ వచ్చిందంటే మాటల్లేవు. మా అమ్మ అనేది, కాంగ్రెస్సోళ్ళింట్లో కూడా ఇంత కొట్టుకోరు అని.

ఇల్లందు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సింగరేణి బొగ్గు మొదట తవ్వింది ఇక్కడే, 1889 లో. ఊరికి బొగ్గుట్ట అని పేరే పడిపోయింది. కంపెనీ తర్వాత కొత్తగూడెం, మణుగూరు, గోదావరి అవతల బెల్లంపల్లి దాకా పోయి పెద్దదైంది కానీ పుట్టిల్లు ఇదే. అయితే ఆంబజార్, జగదాంబ సెంటర్ దాటి నాలుగైదు మైళ్ళు పోతే అదింకో దేశం. అడవి, కోయగూడేలు, లంబాడీ తండాలు, అడవి కొట్టి సాగుచేసుకునే పోడు భూములు, వానాకాలం వస్తే బస్సు పోని వాగులు. సీటు ఎస్టీ రిజర్వుడు. కాలనీల్లో కార్మికుల ఓట్లు, గూడేల్లో గిరిజనుల ఓట్లు. మా కాలనీ వాళ్ళకి కావాల్సింది బోనస్, క్వార్టర్, కొడుకుకి డిపెండెంటు ఉద్యోగం. అక్కడి వాళ్ళకి కావాల్సింది ఫారెస్టు వాళ్ళు నాగలి ఎత్తుకుపోకుండా ఉండటం. రెంటికీ కలిపి ఒకడే ఎమ్మెల్యే.

1983 నాకు బాగానే గుర్తుంది, చిన్నవాణ్ణే అయినా. జనవరి 5 న పోలింగ్. పండక్కి ముందు చలి. ఎన్టీఆర్ పార్టీ పెట్టి ఇంకా ఏడాది కూడా కాలేదు, ఎక్కడ చూసినా ఆ గాలే, కాలనీలో సినిమా పిచ్చోళ్ళంతా సైకిల్ గుర్తయిపోయారు. తెలుగుదేశానికి రెండు వందలకు పైగా సీట్లు వచ్చాయి 294 లో. ఆ గాలిలో ఇల్లందులో గెలిచింది ఎవరయ్యా అంటే టేకులగూడెం నుంచి వచ్చిన ఒక కోయ మనిషి, గుమ్మడి నర్సయ్య. రేడియోలో ప్రాంతీయ వార్తల్లో స్వతంత్రుల లెక్కలో కలిపేసి చదివారని చిన్నాయన చాలా రోజులు గింజుకున్నాడు. స్వతంత్రుడేంది, మా పార్టీ లేదా అని.

ఆయన గింజుకోవడంలో న్యాయం ఉంది గానీ ఎలక్షన్ కమిషన్ లెక్కలో అది అంతే. పార్టీకి గుర్తింపు లేకపోతే సొంత గుర్తు ఉండదు. మిగిలిపోయిన గుర్తుల్లోంచి ఒకటి ఇస్తారు. ఈసారి ఇచ్చింది వచ్చేసారి ఇస్తారన్న గ్యారంటీ లేదు. కాంగ్రెస్ వాడికి చెయ్యి, తెలుగుదేశం వాడికి సైకిల్, సీపీఐ వాడికి కంకి కొడవలి, వాళ్ళకి గుర్తు గురించి చెప్పాల్సిన పనే లేదు, పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. వీళ్ళు మాత్రం నామినేషన్లు అయిపోయి గుర్తులు ఇచ్చాక, ఉన్న ఆ కొద్ది రోజుల్లో, చదువు రాని గూడేల్లో ప్రతి ముసలమ్మకీ ఈ బొమ్మ మీద ముద్ర గుద్దాలి అని నేర్పాలి. గుడ్డలూ, రంగులూ కొనే డబ్బులు కూడా ఉండేవి కావు. సున్నం, జాజు, వేపపుల్ల. వాళ్ళ పాటల దళం అరుణోదయ వాళ్ళు డప్పు కొట్టుకుంటూ వచ్చి పాటలోనే గుర్తు చెప్పేవాళ్ళు, ఆ పాట వారం రోజుల్లో పిల్లలందరి నోళ్ళలో ఉండేది. మా నాయన ఇంట్లో ఉన్నప్పుడు నేనా పాట పాడితే వీపు మోగేది.

ఇంకో విషయం ఇప్పటి వాళ్ళకి తెలియదు. అప్పుడు మా వైపు గోడల మీద రెండు రకాల ఎర్ర రాతలు ఉండేవి. ఒక గోడ మీద ఎన్నికలను బహిష్కరించండి అని పీపుల్స్ వార్ వాళ్ళది. పక్క గోడ మీద ఫలానా గుర్తుకే మీ ఓటు అని వీళ్ళది. రెండూ నక్సలైట్లే బయటివాళ్ళకి. వాళ్ళలో వాళ్ళకి మాత్రం ఇది చావుబతుకుల తగాదా. అసెంబ్లీకి పోవడం అంటే లొంగిపోవడమని వాళ్ళు, పోకపోతే గూడెంలో కేసులు ఎవడు కొట్టేయిస్తాడని వీళ్ళు. చిన్నాయన ఈ చర్చలో ఎప్పుడూ పెద్ద పెద్ద మాటలు వాడేవాడు కాదు, "ఆఫీసర్ ముందు నిలబడి మాట్లాడే మనిషి మనకొకడు ఉండాలె గదా" అనేవాడు. అక్కడితో అయిపోయేది ఆయన సిద్ధాంతం.

నిజానికి అక్కడ ఎమ్మెల్యే పని అంతా అదే. హైదరాబాద్‌లో సభలో ఏం మాట్లాడాడన్నది గూడేనికి చేరేది కాదు. బీడీలు చుట్టే తునికాకు రేటు చేరేది. ఎండాకాలం ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోస్తారు, ఏభై ఆకులకి ఒక కట్ట, కల్లం దగ్గరికి తెచ్చి ఆరబెట్టి లెక్క అప్పజెప్పాలి. 1971 చట్టం తర్వాత ఆ వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి పోయింది, కానీ కల్లం దగ్గర లెక్క తీసుకునే కల్లేదారు కట్టలు ఏరేసి, ఇది పుచ్చు ఇది చిన్నాకు అని పక్కన పడేసేవాడు, వందకి ఇన్ని కట్టలు వాడికి అదనం. కట్టకు కొన్ని పైసలు పెంచమని సీజన్‌కి ముందే సంఘం వాళ్ళు కదిలేవాళ్ళు, ఆకు కోయడం ఆపేవాళ్ళు. పైసల్లో పెరిగేది, కానీ ఒక కుటుంబం సీజన్‌లో కోసే కట్టలకి లెక్కేసుకుంటే వానాకాలం విత్తనాల ఖర్చు వెళ్ళేది. అది ఓటు. పోడు కొట్టాడని ఫారెస్టు వాళ్ళు పట్టుకుపోతే స్టేషన్ దాకా ఎవరొచ్చారన్నది ఓటు. 1970 నాటి చట్టం ఉంది కదా, వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనేతరులు ఏజెన్సీలో భూమి కొనకూడదని, అది అమలు చేయమని ఎవరు అడుగుతారన్నది ఓటు. ఆ చట్టం వల్లే గిరిజనేతరుల ఓట్లు కొన్ని పోయేవి కూడా, అది వేరే.

నర్సయ్యని నేను దగ్గర్నుంచి చూసింది ఎక్కువగా బస్సుల్లో. ఇది ఎవరైనా చెప్పేదే, అయినా ఒక చిన్న సంగతి చెప్తాను. ఆర్టీసీ బస్సులో ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ ఒక సీటు ఉంటుంది, పైన రాసి ఉంటుంది చూశారా. రాష్ట్రంలో ఎక్కడైనా ఆ రాత చూసి జనం నవ్వుకుని కూర్చుంటారు, ఎమ్మెల్యే బస్సెక్కేదెప్పుడని. మా ఇల్లందు బస్సుల్లో ఆ సీటులో కూర్చున్నవాడికి కాస్త బెరుకుండేది. నిజంగానే వచ్చేవాడు కాబట్టి. కండక్టర్ లేవమంటే లేవాలి. మా స్కూలు మాస్టారొకాయన ఎప్పుడూ ఆ సీటు చూసుకుని కూర్చునేవాడు, అది కిటికీ పక్కది మరి, డిపో దాటిందాకా గుమ్మం వైపు చూస్తూనే ఉండేవాడు పాపం.

రైలైతే కాకతీయ ప్యాసింజర్. కారేపల్లిలో ఎక్కితే డోర్నకల్ మీదుగా సికింద్రాబాద్, అది ఎప్పుడు చేరుతుందో దాని ఇష్టం. ఎమ్మెల్యే హైదరాబాద్ పోతున్నాడంటే ఆయనతో ఒక పది మంది. ఒకడికి నిమ్స్‌లో గుండె చూపించుకోవాలి, ఒకడికి సచివాలయంలో కాగితం, ఒకడు ఊరికే పట్నం చూద్దామని. ఎమ్మెల్యే క్వార్టర్స్ అంటే మా వైపు వాళ్ళకి ధర్మసత్రం కింద లెక్క. మా ఎదురింటాయన కిడ్నీ జబ్బుతో ఉస్మానియాలో ఉన్నప్పుడు ఆయన భార్య అక్కడే చాప పరుచుకుని పడుకునేది. వాళ్ళది పక్కా కాంగ్రెస్ ఇల్లు. వచ్చాక ఆమె పదిమందికీ చెప్పింది, ఓటు మాత్రం చెయ్యికే వేసింది. ఈ సంగతి మా నాయన ఎప్పుడూ ఎత్తిపొడిచేవాడు, చూసినవా తమ్మీ, చాప ఇస్తే ఓటు రాదు అని.

మళ్ళీ ఎలక్షన్లలోకి వద్దాం. ఎన్టీఆర్ సభ రద్దు చేయించి 1985 మార్చిలో మధ్యంతరం తెచ్చాడు. ఈలోపు పటేలు పట్వారీలు పోయారు, తాలూకాలు పోయి మండలాలు వస్తున్నాయి, రెండు రూపాయల బియ్యం వచ్చింది. జనానికి ఎన్టీఆర్ అంటే దేవుడే. సీపీఐ, సీపీఎం తెలుగుదేశంతో కలిసి ఉన్నాయి కాబట్టి మా నాయన అప్పుడు ఎన్టీఆర్ మనిషి కూడా. నర్సయ్యే గెలిచాడు. 1989 లో గాలి ఇటు తిరిగింది, నవంబరులో పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేసారి, రెండేసి బ్యాలెట్లు. పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి ఓటు వచ్చిన మొదటి ఎలక్షన్ అది. కాంగ్రెస్‌కి 181, తెలుగుదేశం 74 కి పడిపోయింది. ఇక్కడ మళ్ళీ నర్సయ్యే. రాష్ట్రం అటు ఊగి ఇటు ఊగినా ఇల్లందు కదల్లేదు. మూడుసార్లు వరసగా. ఒక్కోసారి ఒక్కో గాలి, ఆయన వెనక గాలి అంటూ ఏదీ లేదు, గూడెం గూడెంలో సంఘం ఉంది అంతే. వ్యక్తి మంచితనం చూసి గెలిపించారని ఫొటోల కింద రాస్తారు, మంచితనం ఒక్కటే అయితే నామినేషన్ డిపాజిట్ కూడా దక్కదండీ. నెల నెలా మీటింగు పెట్టే మనుషులు ఉండబట్టి గెలిచాడు, ఆ మనుషుల్లో కొందరు జైళ్ళకి పోయారు, కొందరు చచ్చిపోయారు. జీతం డబ్బులు కూడా పార్టీకే ఇచ్చేవాడంటారు ఆయన. అది ఆయన గొప్ప అనడంతో పాటు ఆ పార్టీ పద్ధతి అని కూడా అనాలి.

ఇక 1994. నా మొదటి ఓటు. కొత్తగూడెంలో డిగ్రీ చదువుతున్నాను, కాలేజీలో సీపీఐ విద్యార్థి సంఘం ఏఐఎస్‌ఎఫ్, నర్సయ్య పార్టీ వైపు సంఘం పీడీఎస్‌యూ రెండూ నన్ను లాగుతున్నాయి, ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు లాగుతున్నారు, టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ డిసెంబరు మామూలు ఎలక్షన్ కాదు. సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకింది, ఎన్టీఆర్ మద్యనిషేధం తెస్తానన్నాడు, మా కాలనీలో జీతాల రోజు తన్నులు తిన్న ఆడవాళ్ళందరూ ఒక్క మాట మీద ఉన్నారు. మా అమ్మ జీవితంలో మొదటిసారి నాయన్ని అడక్కుండా నిర్ణయించుకుంది, అయితే అది నాయన చెప్పబోయే గుర్తే అయిందనుకోండి. తెలుగుదేశం, సీపీఐ, సీపీఎం కలిసి పోటీ. ఇల్లందు సీటు సీపీఐకి, అభ్యర్థి ఊకె అబ్బయ్య. తెలుగుదేశానికి 216 వచ్చాయి, సీపీఐకి 19, సీపీఎంకి 15, కాంగ్రెస్ మొత్తం కలిపి 26. పన్నెండేళ్ళ తర్వాత నర్సయ్య ఓడిపోయాడు.

నేనెవరికి వేశానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. లెక్కింపు రోజు తెల్లవార్లూ నాయన యూనియన్ ఆఫీసులోనే ఉన్నాడు. బ్యాలెట్ కాగితాల రోజులు కదా, కట్టలు కట్టి, రౌండ్ల మీద రౌండ్లు, చెల్లని ఓట్ల మీద కొట్లాటలు. పొద్దున ఎర్ర రంగు పూసుకుని డప్పులతో వచ్చాడు. ఆ సంక్రాంతికి చిన్నాయన రాలేదు. అరిసెలు పంపితే తిరిగొచ్చాయి. మా నాయనమ్మ అయితే ఆ ఏడాది ఇద్దరు కొడుకులనీ, ఇద్దరి జెండాలనీ కలిపి తిట్టింది, ఆమె తిట్లు నేను ఇక్కడ రాస్తే పోస్టు తీసేస్తారు.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే అన్యాయం. అబ్బయ్య కూడా గిరిజనుడే, కమ్యూనిస్టు పార్టీలో తయారైన మనిషే. నర్సయ్య దేవుడు, ఓడించినవాడు రాక్షసుడు అన్నట్టు కథ చెప్తే మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఎర్రజెండా ఓటు రెండుగా చీలిన చోట ఏ ముక్క వెనక గాలి ఉంటే ఆ ముక్క గెలిచింది. అంతే జరిగింది.

తర్వాత ఎన్టీఆర్‌ని దించేసి చంద్రబాబు వచ్చాడు, 97 లో మద్యనిషేధం ఎత్తేశారు, మా అమ్మ ఇంక ఎవరికీ ఓటెయ్యనని కూర్చుంది కొన్నాళ్ళు. సింగరేణిలో 1998 లో మొదటిసారి గుర్తింపు సంఘం ఎన్నికలు, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం ఏదో తేల్చే ఎన్నికలు పెడితే ఏఐటీయూసీ గెలిచింది. మా నాయన నెల రోజులు నేల మీద నడవలేదు. సంవత్సరం తిరిగి 1999 సెప్టెంబరు అసెంబ్లీ ఎన్నికలకి చంద్రబాబు బీజేపీతో పోయాడు, కమ్యూనిస్టులు విడిగా మిగిలారు. రాష్ట్రంలో తెలుగుదేశమే వచ్చింది 180 సీట్లతో. ఇల్లందులో నర్సయ్య మళ్ళీ లేచాడు. యూనియన్ ఎన్నికల్లో కంకి కొడవలి వాళ్ళని గెలిపించిన జనమే ఏడాదిలో ఇటు వేశారా అని నాయన తలపట్టుకున్నాడు. కాలనీ వేరు, గూడెం వేరు అని నేనప్పుడు చెప్పబోతే, నీకేం తెలుసురా అన్నాడు. ఆయనకి తెలుసు, ఒప్పుకోబుద్ధి కాలేదు.

2004 లోనూ ఆయనే. ఈసారి మిషన్లు. బ్యాలెట్ కాగితం మీద స్వస్తిక్ ముద్ర పోయి, బటన్ నొక్కితే కుయ్ మనే మిషన్ వచ్చింది. గుర్తు నేర్పడం పోయి గుర్తు పక్కన మీట నొక్కడం నేర్పాల్సి వచ్చింది సంఘం వాళ్ళకి, అట్టముక్కల మీద మిషన్ బొమ్మ గీసుకుని తండా తండా తిరిగారు. రాష్ట్రంలో కాంగ్రెస్‌కి 185 వచ్చాయి, వైఎస్ ముఖ్యమంత్రి. సభలో నర్సయ్య ఎప్పటిలాగే ఒక పక్కన.

ఆ పక్కన ఉండటం గురించి మా టౌన్‌లో పెద్ద సణుగుడే ఉండేది. జగదాంబ సెంటర్‌లో టీ కొట్టు దగ్గర ఎవర్ని కదిలించినా, మనిషి బంగారమే గానీ రోడ్డేదీ, కాలేజేదీ, అధికార పార్టీ ఎమ్మెల్యే ఉన్న పక్క నియోజకవర్గం చూడు అనేవాళ్ళు. ఆ మాటని తీసిపారేయలేను. సభలో ఒక్కడే ఉన్న పార్టీకి మాట్లాడ్డానికి దొరికేదే రెండు మూడు నిమిషాలు, స్పీకర్ గంట కొడతాడు. మంత్రి దగ్గరికి ఫైలు పట్టుకుని పోతే ఇవ్వాలని లేదు, ఇవ్వకపోయినా ఆయనకి నష్టం లేదు. కాంట్రాక్టర్లకి ఆయనతో లాభం లేదు కాబట్టి వాళ్ళు పనులు లాక్కొచ్చేవాళ్ళు కాదు. మన దగ్గర రోడ్లు చాలావరకు కాంట్రాక్టర్లు లాక్కొస్తేనే వస్తాయి కదా మరి. గూడెం వాడికి ఫారెస్టు కేసు పోతే చాలు, టౌన్ వాడికి డివైడర్ కావాలి, సెంట్రల్ లైటింగ్ కావాలి. నా లెక్కలో ఆయన మొదటివాడి ఎమ్మెల్యే. రెండోవాడి బాధ నిజమైనదే, నేనూ ఆ టౌన్ వాణ్ణే, గుంతల రోడ్డు మీద మా అమ్మని కొత్తగూడెం ఆసుపత్రికి తీసుకుపోయిన వాణ్ణే.

ఇంకోటి, టౌన్ కూడా మారిపోయింది ఆ రోజుల్లోనే. ఒక్కో ఇంక్లైన్, అంటే భూగర్భ గని, మూతపడింది, భూగర్భం పోయి ఓపెన్‌కాస్ట్ వచ్చింది. అంటే మనుషుల పని డోజర్లకి పోయింది. నాయనతో పనిచేసిన వాళ్ళు కొందరు మణుగూరుకి, కొందరు రామగుండానికి బదిలీ. నాయన ముందే దిగిపోయాడు, గోల్డెన్ హ్యాండ్‌షేక్ తీసుకుని, అంటే డబ్బులు తీసుకుని ముందే రిటైరై. సైరన్ మోగితే ఊరంతా టైము సరిచేసుకునే కాలం అయిపోయింది. యూనియన్ గట్టిగా ఉన్న ఊళ్ళో ఎలక్షన్ ఒక తీరుగా ఉంటుంది, కాలనీ సగం ఖాళీ అయిన ఊళ్ళో ఇంకో తీరుగా ఉంటుంది. డబ్బులు పంచడం మా వైపు నేను బాగా చూసింది అప్పుడే.

2009 కి హద్దులు కూడా మార్చారు. నియోజకవర్గాల పునర్విభజనలో వైరా అని కొత్త ఎస్టీ సీటు వచ్చింది, కారేపల్లి మండలం దాంట్లోకి చేరింది. ఇల్లందు సీటుకి ఇల్లందు, టేకులపల్లి, గార్ల, బయ్యారం, కామేపల్లి. టేకులగూడెం ఉన్నది కారేపల్లి మండలంలో, అంటే ఆయన సొంతూరు వైరా కిందికి పోయింది, ఆయన పోటీ మాత్రం ఇల్లందులో. మహాకూటమి కట్టారు ఆ ఏడాది, తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం అందరూ ఒక గొడుగు కింద. ఇల్లందులో తెలుగుదేశం అభ్యర్థి ఎవరనుకున్నారు, ఊకె అబ్బయ్య. 94 లో కంకి కొడవలి మీద ఓడించిన మనిషే పదిహేనేళ్ళ తర్వాత సైకిల్ మీద మళ్ళీ ఓడించాడు. మా నాయనకి ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. పార్టీ చెప్పింది కాబట్టి వేశాడు. కానీ 94 లో లాగా రంగు పూసుకోలేదు.

ఆ తర్వాత నర్సయ్య మళ్ళీ గెలవలేదు. 2013 లో న్యూడెమోక్రసీ రెండుగా చీలింది, చిన్నాయన ఏ ముక్కలో ఉండాలో తేల్చుకోలేక ఇంట్లోనే ఉండిపోయాడు కొన్నాళ్ళు. ఎలక్షన్ల సంగతి ఇంక చెప్పనక్కర్లేదు. 2014 లో కాంగ్రెస్ టికెట్ మీద కోరం కనకయ్య గెలిచి తర్వాత టీఆర్ఎస్‌లోకి పోయారు. 2018 లో ఆయన టీఆర్ఎస్ నుంచి నిలబడితే కాంగ్రెస్ నుంచి బానోత్ హరిప్రియ గెలిచి, ఆమె కూడా టీఆర్ఎస్‌కి పోయారు. 2023 లో ఆమె బీఆర్ఎస్, ఆయన మళ్ళీ కాంగ్రెస్, ఆయన గెలిచారు. మా కాలనీలో ఒక ఆటోవాలా ఇద్దరి పాత ఫ్లెక్సీలూ దాచుకున్నాడు, కండువా రంగు మార్చి వాడుకోవచ్చని. ప్రజలు ఎన్నుకున్న వాళ్ళ గురించి తప్పుగా మాట్లాడను, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, అధికార పార్టీలో ఉంటేనే పనులవుతాయని టీ కొట్టు దగ్గర మేమే కదా అన్నది. నర్సయ్యకి గుర్తుకి గ్యారంటీ ఉండేది కాదు, పార్టీ మాత్రం ఎప్పుడూ అదే. వీళ్ళ లెక్క వేరు.

జిల్లాలు విడగొట్టాక ఇంకో తమాషా. 2016 లో గార్ల, బయ్యారం మహబూబాబాద్ జిల్లాకి పోయాయి, ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడేనికి, కామేపల్లి ఖమ్మంలోనే ఉంది. ఒక్క ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు. పోడు పట్టాల కాగితం పట్టుకుని ఏ ఆఫీసుకి పోవాలో తెలియక తిరిగినవాళ్ళని నేను చూశాను. బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ సంగతి సరే సరి, 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో స్టీలు ప్లాంటు సాధ్యమో కాదో చూస్తామని రాశారు, ప్రతి ఎలక్షన్‌కీ ఆ ఇనుము మళ్ళీ కరుగుతుంది, ఫ్యాక్టరీ రాదు.

మొన్న దసరాకి పోయినప్పుడు మా మేనల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వాడు, ఆ సైకిల్ ఫొటోయే చూపించి, తాతయ్యా ఇంత మంచాయన్ని ఎందుకు ఓడగొట్టారు మీరు అని అడిగాడు. అడిగింది ఎవర్ని, మా నాయన్ని. మంచం మీద కూర్చున్నవాడు ఒక్క ఉదుటున లేచాడు. "మంచాయనని ఎవడు కాదన్నడు? నిలబడ్డది మంచితనం మీద గాదు, పార్టీ మీద. నా పార్టీ వేరు" అన్నాడు. చిన్నాయన గుమ్మంలో చెప్పులు విప్పుతూ విన్నాడు. "నీ పార్టీ సైకిలెక్కింది గద అన్నా, ఇంకా నీ పార్టీ ఏంది" అన్నాడు. ఇంక చూస్కోండి. 85 నుంచి మొదలై 94 దాకా వచ్చారు, ఏ గూడెంలో ఎవరు ఏజెంటు, ఏ బూతులో ఎన్ని చెల్లని ఓట్లు, ఇద్దరికీ అన్నీ గుర్తున్నాయి. బీపీ మాత్ర వేసుకున్నామా లేదా అన్నది మాత్రం ఇద్దరికీ గుర్తులేదు. మా మేనల్లుడు ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఇద్దరూ కలిసి వాణ్ణి తిట్టారు.